పెన్షన్ పోయి ఖాతా వచ్చింది.. ముసలితనం భారం ఎవరి మీద పడ్డది?

సెప్టెంబర్ 1 వస్తే చాలు, రెండు తెలుగు రాష్ట్రాల్లో బడులల్ల, సర్కారు ఆఫీసులల్ల నల్ల బ్యాడ్జీలు కనిపిస్తయ్. ‘పెన్షన్ విద్రోహ దినం’ అని బ్యానర్లు కడతరు, ధర్నాలు చేస్తరు. బయట చూసేటోళ్లకు ఇది అర్థం కాదు. ‘నెలకింత జీతం తీసుకుంటరు, ఇంక పెన్షన్ కోసం లొల్లి ఎందుకు?’ అంటరు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే 2004 సెప్టెంబర్ 1న ఏం మారిందో తెలియాలె.

ఆ తేదీకి ఒక్కరోజు ముందు కొలువుల చేరినాయనకు పాత పెన్షన్. ఆ రోజు సంది చేరినాయనకు కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్, అంటే సీపీఎస్. ఇద్దరిదీ ఒకే బడి కావచ్చు, ఒకే సబ్జెక్టు కావచ్చు, ఒకే జీతం కావచ్చు. రిటైరైన తెల్లారి మాత్రం ఇద్దరి బతుకులు వేరైతయ్. 2003లోనే డీఎస్సీ నోటిఫికేషన్ పడ్డా, పోస్టింగులు ఆలస్యమై 2005లో చేరిన టీచర్లు సుత సీపీఎస్ ల పడ్డరు. ‘ఆలస్యం మాది కాదు గదా’ అని వాళ్లు ఏండ్ల సంది అడుగుతనే ఉన్నరు.

పాతది మాట, కొత్తది మూట

పాత పెన్షన్ అంటే సర్కారు ఇచ్చే ఒక మాట. సర్వీసు నిండినోళ్లకు చివరి మూల వేతనంల సగం, దాని మీద కరువు భత్యం. పీఆర్సీ వచ్చినప్పుడల్లా పెన్షన్ సుత పెరుగుతది. వయసు మీద పడితే అదనపు పెన్షన్ వస్తది. మనిషి పోతే ఇంటామెకు ఫ్యామిలీ పెన్షన్ ఇస్తరు. దీని కోసం ఉద్యోగి జీతంల నుంచి ఏమీ కోయరు. అట్లని సర్కారు ఎక్కడా నిధి జమ చేసి పెట్టలే. ఏ ఏడు పెన్షన్లు ఆ ఏడు ఖజానా నుంచే పోతయ్. ఇయ్యాల పనిచేసేటోళ్లు, కొనేటోళ్లు కట్టే పన్నులే నిన్న పనిచేసినోళ్లకు పెన్షన్ అయితయ్.

కొత్త పద్ధతిల ఆ మాట లేదు, మూట ఉన్నది. ఉద్యోగి మూల వేతనం, డీఏ కలిపి అందుల 10 శాతం ప్రతి నెల కోస్తరు. దానికి సర్కారు తన వాటా కలుపుతది. కేంద్రం 2019 ఏప్రిల్ నుంచి తన వాటాను 14 శాతానికి పెంచింది. ఈ పైసలు ఉద్యోగి పేరు మీద ఉన్న ప్రాన్ నంబర్ ఖాతాల పడతయ్. ఫండ్ మేనేజర్లు వాటిని సర్కారు బాండ్లల్ల, కంపెనీల బాండ్లల్ల, కొంత షేర్లల్ల పెడతరు. రిటైరైనప్పుడు ఖాతాల ఎంతుంటే అంత. సర్కారు ఉద్యోగి అందుల 60 శాతం దాక చేతికి తీసుకోవచ్చు. తక్కువల తక్కువ 40 శాతం పెట్టి బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ కొనాలె. ఆ యాన్యుటీ మీద నెలనెలా వచ్చేదే పెన్షన్.

అంటే సర్కారు పని ఖాతాల పైసలు వేసుడు వరకే. ఆ తర్వాత ఆ పైసలు సరిపోతయా, ఎన్నేండ్లు వస్తయన్నది ఉద్యోగి నసీబు. రెండు పద్ధతుల నడుమ అసలు తేడా ఇదే.

ఒక లెక్క వేసి చూద్దాం

సమజ్ కావడానికి ఒక ఊహ లెక్క చూద్దాం. ఒక టీచర్ 28 ఏండ్లు పనిచేసి రిటైరైనడు. చివరి మూల వేతనం 80 వేలు, డీఏ 20 శాతం. ఖాతాల 60 లక్షలు జమైనయ్ అనుకుందాం. అందుల 36 లక్షలు చేతికొస్తయ్. మిగతా 24 లక్షలు యాన్యుటీకి పోతయ్. ఏడాదికి 6 శాతం లెక్కన చూస్తే 1 లక్షా 44 వేలు, నెలకు 12 వేలు.

పాత పద్ధతిల సగం లెక్క పెట్టుకుంటే 40 వేల పెన్షన్, దాని మీద డీఏ 8 వేలు, మొత్తం 48 వేలు. చేతికొచ్చిన 36 లక్షలు వదిలిపెట్టి 12 వేలను 48 వేలతోని పోల్చుడు న్యాయం కాదు. సంఘాల మీటింగుల్లో చాలాసార్లు ఇట్లనే పోలుస్తరు. 60 లక్షలకు 60 లక్షలూ అదే 6 శాతానికి పెట్టినా నెలకు 30 వేలు వస్తయ్. పోలిస్తే 30 వేలను 48 వేలతోని పోల్చాలె. అప్పుడు సుత పాతదే ఎక్కువ. అయితే అసలు దెబ్బ ఈ 18 వేల తేడా కాదు. అది తర్వాత పడతది.

ఆ 48 వేలు ఏటేటా పెరుగుతయ్. ఈ 30 వేలు పెరగయ్. మామూలుగా అమ్మే యాన్యుటీల మొదటి నెల ఎంతొస్తదో 20 ఏండ్ల తర్వాత సుత అంతే వస్తది. ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగితే 12 ఏండ్లకు రూపాయి విలువ సగమైతది. 61 ఏండ్లకు 30 వేలతోని నడిచిన ఇల్లు, 73 ఏండ్లకు ఇప్పటి 15 వేల లెక్కన నడవాలె. మందుల ఖర్చు, దవాఖాన ఖర్చు పెరిగేది సుత ఆ వయసులనే.

చాలామంది ‘మా పైసలు షేర్ మార్కెట్ల పెట్టి ముంచుతున్నరు’ అని భయపడతరు. ఆ భయం పూర్తిగ తప్పు కాదు గని, అదొక్కటే పట్టుకుంటే అసలు సంగతి తప్పిపోతది. సర్కారు ఉద్యోగుల డిఫాల్ట్ పద్ధతిల చాలా ఏండ్ల పాటు షేర్ల వాటా 15 శాతం దాటకుంట ఉన్నది. పెద్ద భాగం బాండ్లే. మార్కెట్ కన్న పెద్ద గండాలు రెండున్నయ్. ఒకటి ధరల పెరుగుదల. రెండోది ఎక్కువకాలం బతుకుడు. చేతికొచ్చిన 36 లక్షలు బిడ్డ పెండ్లికో, కొడుకు ఇంటికో పోతయ్. ఆ తర్వాత 90 ఏండ్ల దాక బతికితే ఏం పెట్టి బతకాలె? పాత పద్ధతిల ఈ రెండు గండాలు సర్కారు మోసేది. ఇప్పుడు ఒంటరి మనిషి మోయాలె.

సర్కారు ఎందుకు తప్పుకున్నది?

సర్కారు వైపు నుంచి సుత వినాలె. మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నరు. ఒక్కో ఉద్యోగికి 30 ఏండ్ల జీతం, ఆపైన ఇంకో 25 ఏండ్ల పెన్షన్, ఆ తర్వాత ఫ్యామిలీ పెన్షన్. ముందు నుంచి నిధి కూడబెట్టలే కాబట్టి ఈ బిల్లు ఏటా పెరుగుతది. రాష్ట్రాలన్నీ పాత పెన్షన్‌కు తిరిగిపోతే వాటి భారం ఎన్పీఎస్ తోని పోలిస్తే నాలుగున్నర రెట్ల దాక పోవచ్చని 2023లో రిజర్వ్ బ్యాంక్ బులెటిన్‌ల వచ్చిన వ్యాసం లెక్కగట్టింది. ఆ బిల్లు కట్టేది ఎవరు? పెన్షన్ అనేదే లేని కూలీ, రైతు, చిన్న దుకాణదారు సుత కట్టే పన్నులతోనే. ఈ మాటకు ఉద్యోగ సంఘాలు సూటిగ జవాబు చెప్పాలె.

ఖాతాల పద్ధతికి మారితే ఖర్చు వెంటనే తగ్గదు. మొదలు పెరుగుతది. 2003లో 25 ఏండ్లకు కొలువుల చేరినాయన తెలంగాణల 61 ఏండ్లకు, అంటే 2039లో రిటైరైతడు. అప్పటిదాక పాత పెన్షనర్ల సంఖ్య పెరుగుతనే ఉంటది. వాళ్ల పెన్షన్ ఇయ్యాలె, కొత్తోళ్ల ఖాతాలల్ల వాటా సుత వేయాలె. రెండు దిక్కులా కట్టుడే. దాని లాభం ఖజానాకు కనిపించేది ఇంకో రెండు దశాబ్దాల తర్వాతనే.

పాత పెన్షన్‌కు తిరిగిపోతే ఈ లెక్క ఉల్టా అయితది. ఖాతాలల్ల వేసే వాటా రేపటి నుంచే మిగులుతది. 2004 తర్వాత చేరినోళ్లు పెద్ద సంఖ్యల రిటైరయ్యేది ముందు ముందు కాబట్టి అసలు బిల్లు అప్పుడొస్తది. ఇయ్యాల ‘పాతది తెస్తం’ అని మాటిచ్చిన నాయకుడు ఆ బిల్లు వచ్చేనాటికి కుర్చీల ఉండడు. ఎలక్షన్లల్ల ఈ హామీ ఇంత అలకగ ఎందుకు ఇస్తరో ఇక్కడ తెలుస్తది.

చిలీ చెప్పిన పాఠం

ఈ ఖాతాల ఆలోచన మన దగ్గర పుట్టింది కాదు. దక్షిణ అమెరికాల ఉన్న చిలీ దేశం 1981లోనే మొదలుపెట్టింది. అప్పుడు అక్కడ పినోచెట్ సైనిక పాలన. కార్మిక మంత్రి హోసే పిన్యేరా ఈ పద్ధతి తెచ్చిండు. కార్మికుడు జీతంల 10 శాతం ప్రైవేటు కంపెనీల ఖాతాల వేయాలె, యజమాని వాటా సున్నా. సైన్యాన్ని, పోలీసులను మాత్రం పాత పద్ధతిలనే ఉంచిన్రు. మన దగ్గర సుత 2004లో కేంద్ర ఉద్యోగులందరికీ ఎన్పీఎస్ తెచ్చి, త్రివిధ దళాలను మినహాయించిన్రు. అంత మంచి పద్ధతైతే సైనికులకు ఎందుకు ఇయ్యలే అన్న ప్రశ్న అక్కడా వచ్చింది, ఇక్కడా వచ్చింది.

1994లో ప్రపంచ బ్యాంక్ ఈ దారినే దేశాలకు చూపెట్టింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క ప్రకారం 1981 నుంచి 2014 దాక 30 దేశాలు పెన్షన్‌ను పూర్తిగనో కొంతనో ప్రైవేటు ఖాతాలకు మార్చినయ్. 2018 నాటికి అందుల 18 దేశాలు వెనక్కి మళ్లినయ్. చిలీల 2008లో ప్రభుత్వం పేద వృద్ధులకు తన ఖజానా నుంచి పెన్షన్ మొదలుపెట్టాల్సి వచ్చింది. మధ్యల మధ్యల పని ఆగిపోయేటోళ్లు, ఆడవాళ్లు, చిన్న జీతాలోళ్లు ఖాతాలల్ల సరిపడ కూడబెట్టలేకపోయిన్రు. కొన్నేండ్ల కింద లక్షల మంది రోడ్ల మీదికి వచ్చిన్రు. 2025లో తెచ్చిన సంస్కరణతోని యజమానులు సుత విడతల వారీగ వాటా కట్టాలె. ఖాతాలను మొత్తం తీసేయలే గని, ఖాతా ఒక్కటే చాలదని నలభై ఏండ్ల తర్వాత ఒప్పుకున్నరు.

మధ్య దారి ఉన్నదా?

మన దేశంల రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ పాత పెన్షన్‌కు తిరిగి పోతమని 2022, 2023లల్ల ప్రకటించినయ్. ఖాతాలల్ల అప్పటికే జమైన పైసలు వాపస్ ఇయ్యమని అడిగితే, రాష్ట్రాలకు తిరిగిచ్చే నిబంధన లేదని కేంద్రం చెప్పింది. పోయిన దారిల తిరిగొచ్చుడు అంత అలక కాదని అప్పుడు తెలిసొచ్చింది.

ఆంధ్రప్రదేశ్ల 2019 ఎలక్షన్ల ముందు వైఎస్సార్సీపీ వారంల సీపీఎస్ రద్దు చేస్తమన్నది. గెలిచినంక రద్దు కాలే. 2023లో గ్యారెంటీడ్ పెన్షన్ చట్టం తెచ్చిన్రు. ఖాతా అట్లనే ఉంటది, చివరి మూల వేతనంల సగానికి తక్కువైతే ఆ తేడా సర్కారు పూడుస్తదన్నరు. 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం యూపీఎస్ మొదలుపెట్టింది. 25 ఏండ్లు పనిచేస్తే చివరి 12 నెలల సగటు మూల వేతనంల సగం, దాని మీద కరువు భత్యం. పదేండ్ల సర్వీసుకు తక్కువల తక్కువ నెలకు 10 వేలు. ఉద్యోగి వాటా 10 శాతమే, సర్కారుది 18.5 శాతం. దీనికి బదులు ఖాతాల జమైన మూట మీద హక్కు చాలామట్టుకు వదులుకోవాలె. గడువు పెంచుకుంట పోయినా ఎన్పీఎస్ ల ఉన్న కేంద్ర ఉద్యోగుల్లో ఎక్కువమంది ఇటు రాలే.

అయినా ఇందుల గమనించాల్సింది ఒకటున్నది. ‘పెన్షన్ ఎంతొస్తదో మేం చెప్పలేం, మార్కెట్ చెప్తది’ అన్న సర్కారే ఇరవై ఏండ్ల తర్వాత ‘ఇంతకు తగ్గకుంట ఇస్తం’ అన్నది. ఉద్యోగుల కొట్లాటతోని కదిలింది ఇది.

అడగాల్సిన మూడు ప్రశ్నలు

ఇగ పాతదా, కొత్తదా అన్న పేర్ల పంచాది పక్కన పెడదాం. ఏ స్కీమ్ తెచ్చినా మూడు ప్రశ్నలు అడగాలె. ధరలు పెరిగితే పెన్షన్ పెరుగుతదా? మనిషి 90 ఏండ్లు బతికినా ఆఖరిదాక వస్తదా? దాని ఖర్చు కోసం సర్కారు ఇయ్యాలనే పైసలు పక్కకు పెడుతున్నదా, రేపటోళ్ల నెత్తిన వేస్తున్నదా? మొదటి రెండింటికి పాత పెన్షన్ అవునంటది, మూడోదానికి కాదంటది. ఎన్పీఎస్ మూడోదానికి అవునంటది, మొదటి రెండింటికి మొఖం చాటేస్తది. మూడింటికీ అవునని చెప్పే పద్ధతే కావాలె. పైసలు ముందు నుంచి కూడబెట్టాలె, గండం మాత్రం ఒక్కడి నెత్తిన వేయకుంట అందరూ కలిసి మోయాలె.

ఈ ప్రశ్నలు సర్కారు ఉద్యోగులకే కాదు. ప్రైవేటు కంపెనీల చేసినోళ్లకు ఈపీఎస్-95 కింద కనీస పెన్షన్ 2014 సంది వెయ్యి రూపాయలే. పదేండ్లు దాటినా అదే వెయ్యి. తెలంగాణల ఆసరా పెన్షన్ 2,016 రూపాయలు చేసినప్పటి ధరలు వేరు, ఇప్పటి ధరలు వేరు. ధరలతోని పాటు పెరగని పెన్షన్ ఎట్లుంటదో ఆ ముసలోళ్లకు ఎవరూ చెప్పనవసరం లేదు. సీపీఎస్ టీచర్ రేపు భయపడేది ఏదో, బీడీలు చుట్టిన అవ్వ ఇయ్యాల అనుభవిస్తున్నది అదే. నల్ల బ్యాడ్జీ పెట్టుకున్నాయన ఆమె కోసం సుత ఒక మాట మాట్లాడితే, ‘మీకెందుకు పెన్షన్’ అని అడిగే జనం తగ్గుతరు.