మండుటెండలో కారుకి ఆయాసమెందుకు?

మే నెల వచ్చిందంటే చాలు, కారున్న ఇళ్ళల్లో ఒక ఫిర్యాదు మొదలవుతుంది. "ఏమిటో, బండి లాగడం లేదండీ!" అని. డిసెంబరులో పొద్దున్నే చెంగుమని దూకిన కారే ఇప్పుడు ఫ్లైఓవర్ ఎక్కమంటే మూలుగుతుంది. స్టీరింగు ముందు శ్రీవారుంటే తప్పు పెట్రోలు బంకువాడిది, లేదా మెకానిక్కుది. అదే మనం కూర్చుంటే మాత్రం తప్పు తిన్నగా మన కాలి మీదికే వస్తుంది. "క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతావు, ఇంకెలా లాగుతుంది?" అని పక్క సీట్లోంచి తీర్పు వెలువడుతుంది. క్లచ్ మీద కాలు ఆనించి నడపడం మంచిది కాదు, నిజమే. కానీ డిసెంబరులో లేని దోషం మేలో మన కాలికి ఎక్కణ్ణుంచి వచ్చింది?

అసలు సంగతి గాలిలో ఉంది.

కారు పెట్రోలుతో నడుస్తుందంటాం గానీ అది తినేదాంట్లో ఎక్కువ భాగం గాలే. ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కట్టెలపొయ్యి దగ్గర ఊదుడు గొట్టంతో అవస్థపడ్డ అమ్మలకీ అమ్మమ్మలకీ ఈ విషయం ఒకరు చెప్పనక్కర్లేదు. ఎన్ని పుల్లలు ఎగదోసినా గాలి ఆడకపోతే పొగే తప్ప మంట రాదు.

గాలిని కిలోల్లో తూచడమేమిటని నవ్వుకోకండి. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల చల్లదనంలో ఒక ఘనపు మీటరు గాలి 1,225 గ్రాములు తూగుతుంది. అదే గాలి 45 డిగ్రీలకు వేడెక్కితే, అంతే చోటులో 1,110 గ్రాములే పడుతుంది. వేడికి గాలి ఉబ్బుతుంది, పలచబడుతుంది. ఇంజిను సిలిండరేమో మన సోలలాంటిది. దాని కొలత మారదు. సోలెడు బియ్యమూ సోలెడే, సోలెడు మరమరాలూ సోలెడే, కానీ తూకం ఒకటవుతుందా? మరీ బియ్యానికీ మరమరాలకీ ఉన్నంత తేడా కాదనుకోండి, వరస మాత్రం అదే. గాలి తగ్గితే అందులో ఉన్న ఆక్సిజన్ తగ్గుతుంది. ఇప్పటి కార్లలో లోపలికొచ్చే గాలి ఎంత వేడిగా ఉందో చూసే సెన్సరు ఉంటుంది గనక, గాలికి తగ్గట్టు పెట్రోలునీ తగ్గించేస్తారు. చిన్న మంట, చిన్న బలం.

మరి ఈ నష్టం ఎంత? కంపెనీవాళ్ళు కాగితం మీద వేసే హార్స్‌పవర్ దాదాపు 25 డిగ్రీల వేడికి లెక్కగట్టింది. 45 డిగ్రీలప్పుడు ఇంజినులోకి వెళ్ళే గాలి ఆరు శాతం దాకా తగ్గుతుంది. బలం కూడా ఇంచుమించు ఆ దారినే, మూడు నుంచి ఆరు శాతం దాకా పడిపోతుంది. ఇంతేనా అనిపిస్తుంది గానీ, కథ ఇక్కడితో ఆగదు. సిగ్నల్ దగ్గర పది నిమిషాలు నిలబడ్డ కారు పీల్చేది రోడ్డు మీద గాలిని కాదు, బోనెట్ కింద ఉడికిన గాలిని. అది బయటి ఎండ కంటే ఎంతో వేడి. పైగా వేడి గాలితో పెట్రోలు సమయానికి ముందే భగ్గుమని ఇంజిను టకటకా కొట్టుకోకుండా, కారులోని కంప్యూటరు నిప్పురవ్వని కాస్త ఆలస్యం చేస్తుంది. ఆ జాగ్రత్తకి కూడా కొంత బలం ఖర్చు.

వీటన్నిటి మీదా ఏసీ. దాని కంప్రెసర్‌ని తిప్పేదీ ఆ ఇంజినే. నిండు ఎండలో చిన్న కారు ఏసీకి కూడా మూడు నాలుగు గుర్రాల బలం తేలిగ్గా పోతుంది. 1983లో వచ్చి 2014లో ఆగిపోయిన మారుతి 800 గుర్తుందా? దాని ఇంజిను మొత్తం బలం 37 గుర్రాలు. అందులో నాలుగు ఏసీ లాక్కుపోతే మిగిలింది ఎంతో మీరే లెక్కేసుకోండి. ఆ రోజుల్లో ఎత్తు రాగానే ఏసీ కట్టేయడం పిసినారితనం కాదు, అవసరం.

ఇదంతా ఎందుకు తెలుసుకోవాలంటే, లారీని దాటేటప్పుడు ప్రాణం మీదికి వచ్చే సంగతి గనక. పొద్దున ఆరింటికి ఒక్కరే వెళ్తూ ఇట్టే దాటేసిన లారీని, మధ్యాహ్నం రెండింటికి నలుగురినీ సామాన్లనీ వేసుకుని, ఏసీ నిండా పెట్టుకుని దాటబోతే కారు అంత చురుగ్గా ముందుకు రాదు. రెండు వరసల రోడ్డు మీద ఎదురుగా బస్సు వస్తుంటే ఆ రెండు మూడు క్షణాలే కీలకం. మధ్యాహ్నపు ఎండలో ఎదర ఖాళీ రోడ్డు మామూలు కంటే ఎక్కువ కనిపిస్తే తప్ప బయటికి రావద్దు. వచ్చేముందే ఒక గేరు తగ్గించండి, అవసరమైతే ఏసీ నొక్కేయండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కొన్ని కార్లు తామే ఏసీని కాసేపు ఆపుకుంటాయి గానీ, మీ కారు ఆపుతుందో లేదో తెలియకుండా దాన్ని నమ్ముకోవద్దు.

ఘాట్ రోడ్డైతే మరీను. తిరుమల కొండ మీద, సుమారు 2,800 అడుగుల ఎత్తున, కింద కంటే చల్లగానే ఉంటుంది. అయినా ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కనక, సముద్రమట్టంతో పోలిస్తే అక్కడ తొమ్మిది పది శాతం తక్కువ. చల్లదనం ఇచ్చిందాన్ని ఎత్తు మళ్ళీ లాగేసుకుంటుంది. అందుకే పైకి వెళ్ళే దారిలో, 1974లో వచ్చిన ఆ రెండో ఘాట్‌లో, మూడో గేరులో మొండికేసే బండిని రెండులోకి దించడమే మర్యాద.

కోస్తావాళ్ళకి ఇంకో చిక్కు. ఉక్కపోతలో గాలి బరువెక్కిందంటాం కదా, నిజానికి అది తేలికవుతుంది. నీటి ఆవిరి గాలి కంటే తేలిక, పైగా ఆక్సిజన్ ఉండాల్సిన చోటు కొంత అది ఆక్రమిస్తుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో బాగా ఉక్కగా ఉన్న రోజున మరో రెండు మూడు శాతం అలా పోతుంది.

విమానాలకీ ఈ బాధ తప్పలేదు. 2017 జూన్‌లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో ఎండ 48 డిగ్రీలు దాటుతుందని తెలిసి పదుల సంఖ్యలో చిన్న జెట్ విమానాల ప్రయాణాలు రద్దు చేశారు. పలచబడ్డ గాలిలో రెక్కలకూ ఆసరా తక్కువ, ఇంజిన్లకూ బలం తక్కువ.

ఇక మెకానిక్కు షెడ్డు. "లాగడం లేదు" అని మనం అనగానే ఇంజిను విప్పాలనే మహానుభావులున్నారు. ముందు మీరే ఒక పరీక్ష చేయండి. తెల్లవారుజామున ఏసీ లేకుండా, రోజూ ఎక్కే ఎత్తే ఎక్కి చూడండి. అప్పుడు హాయిగా లాగితే అది ఎండ ప్రభావం, పైసా ఖర్చుపెట్టక్కర్లేదు. అప్పుడూ మూలిగితే మాత్రం ఎండ మీద నెట్టేసి ఊరుకోవద్దు. ఎయిర్ ఫిల్టర్ చూపించమనండి. మన రోడ్ల దుమ్ముకి అది పూడుకుపోతే బండికి ఏ కాలమైనా ఒకటే ఆయాసం. ఫిల్టర్ మార్చడానికి అయ్యేది వందల్లోనే. ఆ తర్వాతే క్లచ్, ప్లగ్గుల సంగతి. మైలేజీ పడిపోయిందంటే నింద ఎండ మీద కంటే ఏసీ మీద వేయడం న్యాయం. వేడి గాలికి బలం తగ్గుతుందే గానీ, దానివల్ల పెట్రోలు ఎక్కువేమీ తాగదు.

పాత అంబాసిడర్ డ్రైవర్లు ఎండాకాలం పెట్రోలు పంపు మీద తడిగుడ్డ చుట్టేవారు. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బండి ఆగిపోయేది, అందుకని. ఇప్పటి కార్లకి ఆ గుడ్డ అవసరం లేదు. కానీ ఘాట్ మధ్యలో వేడి ముల్లు ఎర్రగీత తాకితే చేయాల్సింది అప్పుడూ ఇప్పుడూ ఒకటే. పక్కకి తీసి, ఇంజిను ఆపి, కనీసం అరగంట ఆగి, పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత జోలికి వెళ్ళండి. వేడి మీద తెరిస్తే సలసల కాగే నీళ్ళు ముఖానికే ఎగజిమ్ముతాయి. పక్క సీట్లోంచి ఎవరెంత తొందరపెట్టినా సరే.