తిన్నది ఒంటబట్టని జబ్బు: స్ప్రూ, సుబ్బారావు, ఫోలిక్ ఆమ్లం

“ఎంత తిన్నా ఒంటబట్టడం లేదు” అని మన పెద్దవాళ్ళు అనే మాటలో ఒక సూక్ష్మమైన ఎరుక ఉంది. అన్నం అరగడం వేరు, ఒంటికి పట్టడం వేరు. ఈ రెండవదానినే వైద్యులు శోషణ అంటారు. అది దెబ్బతింటే నిండు విస్తరి ముందు కూర్చున్న మనిషి కూడా చిక్కి శల్యమవుతాడు.

చిన్నప్రేగు లోపలి గోడ నిండా వేళ్ళవంటి ఆంత్రచూషకాలు ఉంటాయి. వాటిని విప్పి పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతుందని పాత పాఠ్యపుస్తకాలు చెప్పేవి. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్ళీ కొలిచి, సుమారు 30 చదరపు మీటర్లేనని తేల్చారు. కోర్టు కాస్తా ఒక పెద్ద గదికి కుదించుకుపోయిందన్నమాట! ఈ గోడమీది కణాలు మూడు నుంచి ఐదు రోజులకొకసారి రాలిపోయి కొత్తవి పుడతాయి. కొత్త కణానికి డీఎన్ఏ కావాలి, డీఎన్ఏ తయారీకి ఫోలేట్ కావాలి. ఆ ఫోలేట్‌ను ఆహారంనుంచి పీల్చుకోవలసింది కూడా ఆ కణాలే.

ఉష్ణమండల స్ప్రూ అనే వ్యాధి సరిగ్గా ఈ చక్రాన్నే విరగ్గొడుతుంది. ఆంత్రచూషకాలు మొద్దుబారతాయి; ఫోలేట్ అందదు; అది అందక గోడ మరింత చెడుతుంది. జిడ్డు విరేచనాలు, నాలుక పూత, రక్తహీనత, క్షీణత దీని లక్షణాలు. బార్బడోస్‌లో విలియం హిల్లరీ 1759లోనే దీనిని వర్ణించాడు. 1960లలో దక్షిణ భారత గ్రామాలలో ఇది అంటువ్యాధిలా చెలరేగినప్పుడు వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు అధ్యయనం చేశారు. ఏదో అంటురోగం తరువాత ప్రేగులో తిష్ఠవేసే సూక్ష్మజీవులపైనే అనుమానమంతా.

ఈ కథలో మనవాడొకడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూతోనే చనిపోయారు. తరువాత అదే జబ్బు ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడని జీవితచరిత్రకారులు చెబుతారు. ఆయుర్వేదం గ్రహణి అనే పేరుతో ఇటువంటి రోగాలను ఎప్పటినుంచో ఎరుగును. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరిన సుబ్బారావు నాయకత్వంలోనే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. వెంటనే కరీబియన్ దీవులలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే నాలుక మానింది, ఆకలి పుట్టింది, రక్తం పెరిగింది.

అయితే ఈ మందుకు ఒక మెలిక ఉంది. ముదిరిన స్ప్రూలో చిన్నప్రేగు చివరిభాగం కూడా చెడి, బి12 విటమిన్ శోషణ ఆగుతుంది. అప్పుడు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తపరీక్ష బాగుపడుతుంది గాని, వెన్నుపాము లోలోపల చెడిపోతూనే ఉంటుంది. అందుకే బి12ను జతచేసి, టెట్రాసైక్లిన్‌ను కొన్ని నెలలు వాడతారు.

ఇప్పుడు ఈ జబ్బు అరుదు. అమెరికాలో వైద్యులు చూసి ఉండకపోవచ్చు. సూక్ష్మదర్శినిలో దీని రూపం గోధుమ పడని సీలియాక్ వ్యాధిని పోలి ఉంటుంది. గోధుమ మానేసినా తగ్గని విరేచనాలతో బాధపడేవారు, స్వదేశంలో ఎంతకాలం, ఎక్కడ ఉండి వచ్చారో వైద్యునికి అడగకముందే చెప్పాలి.