గోడ అవతలి గిటారు

ఆమ్లెట్ కోసం వరసలో నిలబడ్డాను. పొద్దున తొమ్మిదిన్నర. ఓడ పై అంతస్తు ఫలహారశాల అది. అద్దాల అవతల కరీబియన్ సముద్రం తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. వెనక నుంచి ఎవరో, "పచ్చిమిరపకాయలు కూడా అడుగు. అడిగితే వేస్తాడు" అన్నారు. ఆ గొంతు చెవిన పడగానే చేతిలో ప్లేటు వణికింది. అమెరికాలో నేనుండే మెంఫిస్‌లో ఆఫీసుకు వెళ్తూ, వస్తూ పదిహేనేళ్లుగా కారులో వింటున్న గొంతు అది. తిరిగి చూస్తే కాళ్లకు రబ్బరు చెప్పులు, నిద్ర చాలని కళ్లు. రాత్రి రెండింటిదాకా పాడిన మనిషి. అలవాటు కొద్దీ చెయ్యెత్తి నమస్కరించాను. ఆయనా ప్లేటు రెండో చేతిలోకి మార్చుకుని తల వంచాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. వేదిక ఎక్కాక ఆయన పాట అందరిదీ. ఫలహారం వేళ ఆయన ప్రశాంతత ఆయనది.

వారం రోజుల ప్రయాణంలో నాకు మొదట తెలిసివచ్చింది ఇదే. ఈ ఓడలో తెర వెనక అనే చోటు లేదు.

'లెజెండరీ రిథమ్ అండ్ బ్లూస్ క్రూజ్' అని ఈ యాత్రకు పేరు. కాన్సాస్ సిటీలో గ్రాండ్ ఎంపోరియం అనే బ్లూస్ క్లబ్బు నడిపిన రోజర్ నేబర్ దీన్ని నిలబెట్టాడు. 1990ల నుంచి సాగుతోంది. మొత్తం ఓడను అద్దెకు తీసుకుంటారు. అందులో ఎక్కేవాళ్లంతా బ్లూస్ కోసమే ఎక్కుతారు. పొరపాటున ఎక్కిన విహారయాత్రికుడు ఒక్కడూ ఉండడు. జనవరిలో ఫ్లోరిడా తీరంలోని ఫోర్ట్ లాడర్‌డేల్ రేవులో బయలుదేరి, కరీబియన్ దీవులు చుట్టి మళ్లీ అక్కడికే చేరడం మామూలు. ఈతకొలను పక్కన ఒక వేదిక, పెద్ద థియేటర్‌లో ఒకటి, అన్నిటికన్నా పైన అద్దాల హాలులో ఒకటి, ఇవిగాక పియానో బార్. మధ్యాహ్నం మొదలైన పాట మర్నాడు తెల్లవారుజామున మూడు, నాలుగింటికి గాని ఆగదు. ఒకే వేళ మూడు చోట్ల కచేరీ ఉంటే ఏది వదులుకోవాలో తేల్చుకోవడమే ఇక్కడ పెద్ద కష్టం.

నాకీ పాట ఎలా అంటుకుందో చెప్పాలి. మాది కోనసీమ. డెల్టా అనే మాట వినగానే కళ్ల ముందు గోదావరి మెదిలే మనిషిని. ఉద్యోగం మీద మెంఫిస్ వచ్చాక తెలిసింది, ఇక్కడా ఒక డెల్టా ఉందని. పేరుకే డెల్టా. మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోటు కాదు. మిసిసిపీకీ యాజూ నదికీ మధ్య పరుచుకున్న ఒండ్రునేల. ఆ నేలలో పత్తి పండింది. పత్తి తీసిన నల్లజాతి కూలీల చేతులే గిటారు పట్టాయి. బ్లూస్ అక్కడి పాట. మొదటి చలికాలం, ఒక శనివారం రాత్రి, బీల్ స్ట్రీట్‌లో ఒకాయన వేలికి సీసా మూతి తొడుక్కుని తీగల మీద జారుస్తున్నాడు. నేను కదలలేకపోయాను. చిన్నప్పుడు తాతగారి రేడియోలో విన్న గోటువాద్యం అది! అదే జారుడు, స్వరానికీ స్వరానికీ మధ్య అదే తడి.

ఇది నా ఒక్కడి భ్రమ కాదని తర్వాత తెలిసింది. తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడు ఉన్నాడు. 1942లో పుట్టాడు. అసలు పేరు హెన్రీ సెయింట్ క్లెయిర్ ఫ్రెడరిక్స్. గాంధీ గురించి, భారతదేశం గురించి వచ్చిన కలల వల్ల ఆ పేరు పెట్టుకున్నానని చెప్పాడు. ఆయన 1995లో మోహనవీణ విశ్వమోహన్ భట్‌తో, చిత్రవీణ రవికిరణ్‌తో కలిసి 'ముంతాజ్ మహల్' అనే ఆల్బమ్ చేశాడు. చిత్రవీణ అంటే మన గోటువాద్యమే. ఈ ఓడ కచేరీలతో బాగా ముడిపడ్డ పేర్లలో తాజ్ మహల్ ఒకటి. ఆయన తండ్రి వైపు మూలాలు కరీబియన్ దీవులవే.

బ్లూస్ వినడానికి శాస్త్రం అక్కర్లేదు కానీ, రెండు సంగతులు తెలిస్తే చెవి తెరుచుకుంటుంది. మొదటిది స్వరం. మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో ఒక గాంధారం నిలబడుతుంది. పియానో మెట్లలో దానికి చోటు లేదు. గొంతులో ఉంది, తీగ లాగితే ఉంది. ఆ పాట దిగులంతా అక్కడే కాపురముంటుంది. రెండోది లెక్క. పన్నెండు ఆవృత్తాలు, ఒక్కోదానికి నాలుగు దెబ్బలు, మొత్తం 48. మాట మూడు పాదాలు. మొదటి పాదం పాడతారు, అదే మళ్లీ పాడతారు, మూడోది దానికి జవాబు. పాదానికి నాలుగు ఆవృత్తాలు దక్కినా గొంతు దాదాపు సగమే వాడుకుంటుంది. మిగతా సగం గిటారుది. బుర్రకథలో వంతలు అందుకున్నట్టు గిటారు అందుకుంటుంది. ఖాళీ ఉంచడం తెలిసినవాడే బ్లూస్ గాయకుడని నా నమ్మకం.

ఈ యాత్ర కోసం నాలుగేళ్లు నెలనెలా కొంత పక్కన పెట్టాను. మొదటి సాయంత్రం ఓడ రేవు వదులుతుండగా కొలను పక్కన తొలి దరువు పడింది. తీరంలోని మేడలు చిన్నవవుతున్నాయి, డ్రమ్స్ పెద్దవవుతున్నాయి. నా పక్కనున్న దంపతులు పదోసారి వస్తున్నారట. ఏటా ఇదే వారం ఇక్కడ కలుసుకునే స్నేహితుల కోసం గది తలుపును పూసల దండలతో, పాత రికార్డుల అట్టలతో అలంకరించారు. అలా ప్రతి వరండాలోనూ తలుపులు పండగ చేసుకుంటున్నాయి.

సముద్రం మీద వాయించడం నేల మీద వాయించడం లాంటిది కాదు. ఉప్పుగాలికి తీగల శ్రుతి నిలవదు. పాటపాటకీ చెవి తీగల దగ్గరికి తెచ్చి సరిచేస్తారు. నలుగురు మోయాల్సిన హామండ్ ఆర్గాన్‌ని, దాని లెస్లీ స్పీకరు పెట్టెని పైకి చేర్చి కదలకుండా కట్టాలి. ఓడ ఒరిగినప్పుడు డ్రమ్స్ వాయించే అమ్మాయి తన కాళ్లతోనే కుర్చీని పట్టి ఉంచడం చూశాను. తాళం మాత్రం ఒరగలేదు.

రెండో రాత్రి నేను ఒరిగాను. నాలుగేళ్లుగా ఏ కచేరీ కోసం కాచుకున్నానో అది ఆ రాత్రే. సముద్రం లేచింది. కడుపులో తిప్పడం మొదలై, తల ఎత్తలేక గదికి చేరాను. గది చూసే కుర్రాడు ఆకుపచ్చ ఆపిల్ పళ్లు, ఉప్పు బిస్కెట్లు తెచ్చిపెట్టి, "వీటితో తగ్గుతుంది సార్" అన్నాడు. దీపం ఆర్పి పడుకున్నాను. పైన ఎక్కడో వేలమంది చప్పట్లు. ఏడుపు వచ్చినంత పనైంది.

అప్పుడు వినిపించింది. తల దగ్గరి గోడ అవతల గిటారు. ఆంప్లిఫయర్ లేదు, ఉత్త తీగ. అక్కడ దిగినవాళ్లు ఏ బృందంలోవాళ్లో తెలియదు. వాద్యగాళ్లకూ మా మధ్యనే గదులిస్తారు. నెమ్మదైన పాట. మొదటి పాదం వాయించాడు, మళ్లీ అదే వాయించాడు, మూడో పాదం సగంలో ఆపేశాడు. మళ్లీ మొదటికి. ఈసారి మూడో పాదం వేరే దారిలో వెళ్లింది, అదీ నచ్చలేదు. ఇలా గంటకు పైగా. రికార్డుల్లో మనకు దొరికేది దారి తెలిసిన పాట. ఆ రాత్రి నాకు దారి వెతుక్కుంటున్న పాట దొరికింది. గోడకు చెయ్యి ఆనించి పడుకున్నాను.

మిసిసిపీ పల్లెల్లో పిల్లలు గిటారు కొనే స్తోమత లేక, చీపురు కట్టిన ఇనుప తీగ ఊడదీసి ఇంటి గోడకు మేకులతో బిగించేవాళ్లు. తీగ కింద ఒక సీసా దూర్చి, మరో సీసా దాని మీద జార్చేవాళ్లు. డిడ్లీ బో అంటారు దాన్ని. ఇల్లంతా ఆ తీగకు బుర్ర అయ్యేది. 1936లో లూజియానాలో పుట్టిన బ్లూస్ గిటారిస్టు బడ్డీ గై కూడా సొంతంగా చేసుకున్న రెండు తీగల డిడ్లీ బో మీదే చెయ్యి తిప్పుకున్నాడు. చేతికి గోడ అదురు తగులుతుంటే నాకు అదే గుర్తొచ్చింది.

కడుపు కుదుటపడ్డాక నాలుగో రోజు మధ్యాహ్నం పైడెక్కు మీద ఒకావిడ పక్కన కుర్చీ దొరికింది. డెబ్బై దాటిన నల్లజాతి మహిళ, షికాగోలో బడి పంతులమ్మగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. పుట్టింది మిసిసిపీలోని గ్రీన్‌వుడ్. 1936లో, 37లో మొత్తం 29 పాటలు రికార్డు చేసి, 27 ఏళ్లకే పోయిన బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ చివరి ఊపిరి విడిచింది ఆ చుట్టుపక్కలే. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడే తల్లిదండ్రులతో ఇల్లినాయ్ సెంట్రల్ రైలెక్కి షికాగో వచ్చేశారు. అలా తరలిపోయిన లక్షల మందిలో 1943లో వెళ్లిన బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ ఒకడు. పల్లె గిటారుకు కరెంటు తగిలి షికాగో బ్లూస్ అయింది ఆ వలసల్లోనే.

"మా నాన్న ఈ పాటల్ని ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు బాబూ. సైతాను పాటలనేవాడు. పక్కింటి కిటికీలోంచి వినేదాన్ని" అన్నారావిడ.

మూడు రోజులుగా నన్ను తొలుస్తున్న మాట అడిగేశాను. "అమ్మా, ఇక్కడ వింటున్నవాళ్లలో మీవాళ్లు తక్కువ. అదీ ఈ నీళ్ల మీద. మీకేమీ అనిపించదా?"

అడగకుండా ఉండలేకపోయాను. ఆఫ్రికా తీరంలో సుమారు 1.25 కోట్ల మందిని బానిసలుగా ఓడల అడుగున కుక్కి ఈ అట్లాంటిక్ మీదుగా తెచ్చారు. ప్రాణంతో దిగినవాళ్లు సుమారు 1.07 కోట్లు. వాళ్లలో ఎక్కువమంది ఈ కరీబియన్ దీవుల చెరకు తోటలకూ బ్రెజిల్‌కూ చేరారు. బానిసత్వం రద్దయ్యాక ఆ చెరకు తోటలకే దక్షిణ భారత రేవుల నుంచి కూలీలను ఎక్కించారు. గయానాకు, మార్టినిక్, గ్వాడలూప్ దీవులకు అలా చేరినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. నాలుగు పూటలా తిండి, మెత్తని పరుపు, చేతిలో నిమ్మకాయ షర్బతు పెట్టుకుని, ఆ నీళ్ల మీదే ఆ బానిసల, వాళ్ల వారసుల దుఃఖం నుంచి పుట్టిన పాట వింటున్నాను. ఆ చరిత్రను గుర్తుంచుకోకుండా వింటే తప్పు చేసినట్టే.

ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత, "మావాళ్లకు ఈ నీళ్ల మీద టికెట్ లేదు. నాకుంది. నా డబ్బుతో కొనుక్కున్నాను. కావాలనే వస్తాను" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు: "ఆ పాడేవాడికి వారం రోజులు పనుంది, కూలి దొరుకుతుంది. అది చిన్న సంగతి కాదు."

నిజంగానే చిన్న సంగతి కాదు. తన కాలంలో అమెరికాలో అత్యధిక పారితోషికం పుచ్చుకున్న నల్లజాతి గాయకుల్లో ఒకరైన బెస్సీ స్మిత్ 1937లో చనిపోతే, 1970 దాకా ఆమె సమాధికి రాయి లేదు. ఈనాటికీ చాలామంది వాద్యగాళ్లకు ఆరోగ్య బీమా ఉండదు. మెంఫిస్‌లోని బ్లూస్ ఫౌండేషన్ 'హార్ట్ ఫండ్' పేరుతో వాళ్ల వైద్యానికి, అవసరమైతే అంత్యక్రియలకూ సాయం చేస్తుంది. అందుకే కచేరీ అయ్యాక బల్ల దగ్గర నిలబడి కళాకారుల చేతి నుంచే సీడీలు కొన్నాను. ఆ పాటలు ఫోన్‌లో ఉన్నాయి. అయినా కొన్నాను.

ఇక జామ్‌ల గురించి చెప్పకపోతే ఈ ఓడ గురించి చెప్పనట్టే. అర్ధరాత్రి దాటాక, ప్రకటించిన కచేరీలన్నీ ముగిశాక, పై హాలులో అసలు సంగతి మొదలవుతుంది. ఏ బృందంవాడు ఏ బృందంలో వాయిస్తాడో ఎవరికీ తెలియదు. బ్లూస్ గాయకుడు టామీ కాస్ట్రో ఇలాంటి అర్ధరాత్రి కలయికల స్ఫూర్తితోనే అతిథి గాయకులను కలుపుకుని 'లెజెండరీ రిథమ్ అండ్ బ్లూస్ రెవ్యూ' పేరిట ఊరూరా తిరిగాడు. దాని లైవ్ ఆల్బమ్‌ను షికాగోకు చెందిన అలిగేటర్ రికార్డ్స్ 2011లో తెచ్చింది. ఐదో రాత్రి నేను చూసిన జామ్‌లో మైకు పనిచేయడం మానేసింది. పాడుతున్నావిడ ఆగలేదు. పియానో దగ్గరికి నడిచివచ్చి, దాని మీద మోచెయ్యి ఆనించి, ఉత్త గొంతుతో అందుకుంది. రెండు వందల మంది ఊపిరి బిగబట్టారు. మౌత్ ఆర్గాన్ వాయించే ముసలాయన ఆమె గొంతును కమ్మేయకుండా అరచేతుల్లో ధ్వనిని అణచి, ఖాళీ దొరికినచోటే పలికించాడు. పత్తి చేల నడుమ చెక్క గుడిసెల్లో, ఒక దీపం వెలుగులో, పాడేవాడి చెమట వినేవాడి మీద పడే దూరంలో పుట్టిన పాట ఇది. జ్యూక్ జాయింట్లనేవాళ్లు వాటిని. ఇంత పెద్ద ఓడ వచ్చి ఆ చిన్న గుడిసెను నాకు చూపించింది.

చివరి రాత్రి పెట్టెలు సర్ది గది బయట పెట్టేయాలి. తెల్లారేసరికి రేవు. వరండా పొడవునా పెట్టెలు బారులు తీరాయి. తలుపుల మీది దండలు విప్పుకుంటున్నారు. నేను మంచం మీద వాలాను. ఒంటిగంట దాటింది.

గోడ అవతల మళ్లీ అదే పాట.

మొదటి పాదం, మళ్లీ అదే పాదం. ఇప్పుడు ఆగడం లేదు. మూడో పాదం సగందాకా నేరుగా వచ్చింది. అక్కడ చిన్న ఖాళీ. ఆ ఖాళీలో నా వేలు దానంతటదే కదిలింది. గోడ మీద నెమ్మదిగా నాలుగు దెబ్బలు కొట్టాను. గిటారు ఆగిపోయింది. పరాయివాడి ఏకాంతంలో చెయ్యి పెట్టానని సిగ్గుతో చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

కాసేపటికి మొదటి పాదం మొదలైంది. రెండోది. మూడోది సగందాకా వచ్చి, ఖాళీ దగ్గర నిలబడింది. ఇంతకుముందుకన్నా ఎక్కువసేపు.

నాలుగు దెబ్బలు కొట్టాను. గిటారు అందుకుంది.