నట్టల మందు వెనుక నేల ప్రశ్న

గొర్రె కడుపులో నట్టలు పడితే చూసుకోవలసింది పశువైద్యుడు కదా, కుల సమస్యలు చర్చించే పుటలో దానికి చోటెందుకని పాఠకులు అడగవచ్చు. నెల్లూరు తీరంలో ఆ నట్టలు ఎందుకు పెరుగుతాయని వెతుక్కుంటూ పోతే మేత నేల ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఎదురవుతుంది. తరతరాలుగా మేపిన నేల మీద హక్కు పత్రం లేని కులాల చరిత్ర ఎదురవుతుంది. గొర్రెలు కాసిన గొల్ల కుటుంబం నుంచి వచ్చినవాడిగా నేను దీనిని కుల ప్రశ్నగానే చూస్తున్నాను.

ముందుగా జబ్బు సంగతి. హీమాంకస్ అనే నట్ట గొర్రె నాలుగో కడుపు గోడను పట్టుకొని రక్తం తాగుతుంది. ఒక్కొక్కటి రోజుకు తాగేది సుమారు 0.05 మిల్లీలీటరే. అవి వేలల్లో చేరితే గొర్రె పాలిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది, పిల్లలు చచ్చిపోతాయి. ఆడ నట్ట రోజూ వేల గుడ్లు పెడుతుంది. పెంటికలతో నేల మీద పడిన ఆ గుడ్లు, తేమా వెచ్చదనమూ దొరికితే వారం రోజుల్లోనే లార్వాలై తడి గడ్డి మొదళ్లకు చేరతాయి. కొన్ని అంగుళాల ఎత్తు దాటి అవి పెద్దగా ఎక్కలేవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు ముంచెత్తే ఈ తీరంలో వాటికి కావలసినంత తేమ ఉంటుంది.

మా పెద్దలు మందను ఒకే బీటిలో రోజుల తరబడి నిలిపేవారు కాదు. వానల్లో మెరక మీది పొదల వైపు తోలేవారు. రేగు, తుమ్మ, వేప మండలు కొట్టి వేసేవారు. నోరు గడ్డి మొదలుకు దూరమైతే లార్వా కడుపులోకి పోవడం తగ్గుతుంది. తుమ్మ వంటి మొక్కల ఆకుల్లోనూ కాయల్లోనూ వగరు ఉంటుంది. ఆ వగరును శాస్త్రం టానిన్ అంటుంది.

అమెరికాలోని జార్జియాలో నల్లజాతి విద్యార్థుల కోసం 1895లో మొదలైన పాఠశాల నేటి ఫోర్ట్ వ్యాలీ స్టేట్ విశ్వవిద్యాలయం. చాలామంది కలుపుగా చూసే లెస్పెడీజా అనే టానిన్ మొక్కను అక్కడి పరిశోధకులు మేకలకూ గొర్రెలకూ మేపి, పెంటికల్లో నట్టల గుడ్లు తగ్గడాన్ని నమోదు చేశారు. బరేలీలోని భారత పశువైద్య పరిశోధన సంస్థలో జువ్వి, జామ ఆకుల మిశ్రమంతో గొర్రెల మీద ఇటువంటి పరిశోధనే జరిగింది. ఒక విద్యాలయం ఎవరి కోసం పుట్టిందన్నది, అది ఏ మొక్క వైపు చూస్తుందన్న దానిని కూడా నిర్ణయిస్తుంది. మన దగ్గర మండ విరిచిన కాపరి అడవిని పాడుచేసేవాడుగా జరిమానా కట్టాడు. అతని వగరు జ్ఞానం పాఠ్యపుస్తకంలోకి చేరలేదు.

ఇక నేల సంగతి. 1990ల నుంచి ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు ప్రాంతాల్లో రొయ్యల చెరువులు విస్తరించాయి. ముత్తుకూరు వైపు కృష్ణపట్నం ఓడరేవు, థర్మల్ కేంద్రాలు వచ్చాయి. గ్రామ ఉమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న చెప్పింది. ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో మళ్లీ చెప్పింది. తీర్పులున్నా, బీళ్లు తగ్గినచోట మందకు మిగిలేవి కాలువ గట్లు, కోసిన వరి మళ్లు. అంటే లార్వాలు కాచుకొని ఉండే తడి నేలలే. నేల ఇరుకైనకొద్దీ మంద అదే గడ్డి మీదికి మళ్లీ మళ్లీ వెళ్తుంది, కాపరి మళ్లీ మళ్లీ మందు తాగిస్తాడు. అయినదానికీ కానిదానికీ తాగిస్తే నట్టలు ఆ మందుకు లొంగకుండా పోతాయి. ప్రపంచమంతటా గొర్రెల కాపరులు ఇప్పుడు ఎదుర్కొంటున్న కష్టమిదే.

ప్రభుత్వాల చూపు మాత్రం గొర్రెల లెక్క దగ్గరే ఆగింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీతో ఇంటికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం పెట్టింది. ఆ గొర్రెలు ఎక్కడ మేయాలన్న ప్రశ్నకు అంత ప్రాధాన్యం దక్కలేదు. గొర్రెను ఇస్తే ఓటు కనిపిస్తుంది. మేత నేల ఇస్తే ఊరి పెద్ద కులంతో తగవు కనిపిస్తుంది.

ఆకు మేత సర్వరోగ నివారిణి అని నేను చెప్పడం లేదు. అది నట్టలను పూర్తిగా పోగొట్టదు. టానిన్ మితిమీరితే మేత సరిగా ఒంటబట్టదు. రక్తం ఇంకిపోయిన గొర్రెకు మందు తాగించక తప్పదు. దక్షిణాఫ్రికాలో రూపొందిన ఫమాచా పద్ధతిలో కంటి రెప్ప లోపలి రంగు చూసి, పాలిపోయిన వాటికే మందు ఇస్తారు. దానిని ప్రతి కాపరికీ నేర్పవచ్చు. గ్రామ పశువైద్యశాలలో పెంటికల పరీక్ష అందుబాటులో ఉంచవచ్చు.

వీటన్నిటికంటే ముందు ఊరూరా మేత పోరంబోకును కొలిచి హద్దులు వేయాలి. అందులో తుమ్మ, రేగు, వేప పెంచే బాధ్యతనూ హక్కునూ గొర్రెల పెంపకందార్ల సహకార సంఘాలకు అప్పగించాలి. 2005లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఈ తీరపు మొక్కలను కాపరులతో కలిసి పరీక్షించాలి. ఆ తరగతి గదుల్లో నేడు కూర్చున్న గొల్ల, కురుమ, యానాది విద్యార్థులు తమ తాతల చేతిలోని మండను పరిశోధనాంశంగా ఎంచుకొనే హక్కు కోసం నిలబడాలి. విశ్వవిద్యాలయం లోపల చేయవలసిన కుల నిర్మూలన పనుల్లో అదీ ఒకటి.