కొత్త పశువైద్యుల రాబడి, మొక్కజొన్న ధారణ

విజయవాడ: మొక్కజొన్న ధారణ, గుడ్డు ధర చూడడానికి ఈ పేజీ తిప్పేవారిలో కమీషన్ వర్తకులు, దలాలులు, దాణా మిల్లర్లు, కోళ్ళ రైతులు వున్నారన్నది తెలిసిన విషయమే. పశువైద్య కళాశాల నుంచి కొత్తగా బయటికి వచ్చిన డాక్టరు కూడా ఈ ధరలు రోజూ చూడవలసిన మనిషేనని చాలామందికి తోచదు. తరచు ఆ డాక్టరుకే తోచదు. మన పాఠకులలో కొందరి పిల్లలు తిరుపతిలోనో, గన్నవరంలోనో, రాజేంద్రనగర్‌లోనో ఆ చదువు చదువుతున్నారు. మరికొందరి కొట్టు మెట్లెక్కి, మందుల దుకాణానికి నాలుగైదు లక్షలు సర్దమని అడిగే యువ డాక్టర్లు వుంటారు. ఈ రెండు రకాల పాఠకులకూ పనికివచ్చే లెక్క ఒకటి వుంది.

చదువు అయిదున్నర ఏళ్ళు. అందులో ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం రాష్ట్ర మండలిలో పేరు నమోదు చేయించుకుంటే గాని వైద్యం చేయరాదు. అక్కడినుంచి దారులు మూడు. ప్రభుత్వ నౌకరీ దొరికితే జీతానికి లోటు లేదు. కాని నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో చెప్పలేము. పైగా 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి పాత పింఛను పద్ధతి వర్తించదు గనుక, సర్కారు నౌకరీ వుంది కదా, ముసలితనం సర్కారే చూసుకుంటుందిలే అనుకునే రోజులు కావు. రెండవది కంపెనీ నౌకరీ: దాణా కంపెనీలు, మందుల కంపెనీలు, బ్రాయిలర్ పిల్లలనూ మేతనూ రైతుకు ఇచ్చి పెంపకం కూలి చెల్లించే సంస్థలు డాక్టర్లను తీసుకుంటాయి. ఇక్కడ గమనించవలసింది, జీతం వేరు, టార్గెట్ మీద వచ్చే ఇన్సెంటివ్ వేరు. ఇంటి అద్దె, వాయిదాలు జీతం మీదనే కట్టుకోవాలి. ఇన్సెంటివ్ పంట బాగా వచ్చిన ఏడు మిగిలిన ధాన్యం లాంటిది, దాన్ని నమ్ముకుని కారు కొనరాదు. కంపెనీ మారినప్పుడల్లా ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము తీసి ఖర్చు పెట్టే అలవాటు కూడా ఈ కుర్రవారిలో వుంది. అది కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోవలసిన డబ్బు.

మూడవది సొంత ప్రాక్టీసు. అసలు లెక్క ఇక్కడే వుంది.

పాడి పశువుల వైద్యంలో ఫీజు రాబట్టడం కష్టం. గాలికుంటు టీకా ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. 1962 నంబరుకు ఫోను చేస్తే వైద్యం బండి ఊళ్ళోకి వస్తుంది. అది రైతుకు మంచిదే, కాని కొత్త డాక్టరు తన రాబడి అంచనాలోంచి ఆ భాగాన్ని తీసివేసుకోవాలి. హైదరాబాదు, విశాఖ, విజయవాడలలో కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసేవారికి రాబడి నగదుగానే వుంటుంది. అయితే సెంటరులో అద్దె, ఎక్స్‌రే, స్కానింగ్ యంత్రాల వాయిదాలు ముందు పుట్టి, రోగులు తర్వాత వస్తారు. ఉభయ గోదావరి జిల్లాలు, కృష్ణా, చిత్తూరు, హైదరాబాదు చుట్టుపట్ల వంటి కోళ్ళ ప్రాంతాలలో ప్రాక్టీసు పెట్టేవారి సంగతి వేరు. వారి రాబడి నేరుగా మన మార్కెట్టుకు ముడిపడి వుంది.

పదివేల గుడ్ల కోళ్ళున్న ఫారం తీసుకోండి. కోడి రోజుకు సుమారు 110 గ్రాముల మేత తింటుంది. అంటే రోజుకు 11 క్వింటాళ్ళు. అందులో మొక్కజొన్న ఆరు క్వింటాళ్ళు అనుకుందాం. క్వింటాలుకు రు. 300 పెరిగితే రోజుకు రు. 1,800, నెలకు రు. 54,000 అదనపు భారం. అదే సమయంలో గుడ్డుకు 30 పైసలు పడిందనుకోండి. రోజుకు 9,000 గుడ్ల మీద రు. 2,700, నెలకు రు. 81,000 తరుగు. రెండూ కలిసి వచ్చిన నెలలో రైతుకు లక్షా ముప్పైఅయిదు వేలు తేడా వస్తుంది.

ఇది ఊహ కోసం చెప్పిన మాట కాదు. 2021లో సోయా చెక్క ధర విపరీతంగా పెరిగి, ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల దిగుమతికి అనుమతి ఇవ్వవలసి వచ్చింది. ఇథనాల్ డిస్టిలరీలు మొక్కజొన్నకు దిగిన తర్వాత 2024లో దాణా మిల్లులు ఎంత ఇబ్బంది పడ్డాయో మన వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. నెక్ రోజూ ప్రకటించే గుడ్డు ధర చూసేవారికి ఆ హెచ్చుతగ్గులు తెలుసు.

మరి ఆ లక్షా ముప్పైఅయిదు వేలు రైతు ఎవరి దగ్గర ఆపుతాడు? పిల్లల కంపెనీ నగదు ఇవ్వనిదే పిల్లలను దింపదు. కరెంటు బిల్లు ఆగదు. మొక్కజొన్న వర్తకుడు రెండు లారీలు ఇచ్చి మూడవది ఆపుతాడు, మొహమాటానికి పోడు. మిగిలింది డాక్టరు. కొక్కెర తెగులు వచ్చిందంటే బాకీ వున్నా వెళతాడు, వెళ్ళకపోతే అతని పేరు పోతుంది. అందుచేత రైతుకు కష్టం వచ్చిన నెలలో అన్నిటికంటే ముందు ఆగేది డాక్టరు సొమ్ము, అన్నిటికంటే చివర తీరేదీ అదే. రైతును తప్పుపట్టి లాభం లేదు, అతని స్థానంలో మనమున్నా అదే చేస్తాము.

ఫీజు ఒక్కటే ఆగితే డాక్టరు తట్టుకోగలడు. మందుల అరువు దగ్గర మునుగుతాడు. ఫీజు అడగడానికి మొహమాటపడి, మందుల మీద మార్జిన్‌లో దాన్ని రాబట్టుకోవచ్చునని చాలామంది దుకాణం పెడతారు. టోకు వర్తకుడు అరవై రోజుల గడువు ఇస్తాడు. రైతు బ్యాచ్ అయిపోయాక ఇస్తానంటాడు. ఈ రెండు గడువుల మధ్య వున్నది డాక్టరు పెట్టుబడి, చాలాసార్లు అప్పు తెచ్చిన పెట్టుబడి. మన భాషలో చెప్పాలంటే, అతనికి తెలియకుండానే అతడు గుడ్ల మీద తేజీ పట్టినవాడవుతాడు. ధర ఎక్కితే అతనికి అదనంగా వచ్చేది ఏమీ లేదు. దిగితే మాత్రం నష్టంలో వాటా వుంది. అటువంటి బేరం మన బజారులో ఎవరూ కట్టరు.

గోదావరి జిల్లాలో ఈ వ్యాసకర్తకు తెలిసిన డాక్టరు ఒకరున్నారు. మూడేళ్ళు దాణా కంపెనీలో పనిచేసి, 2018లో సొంత దుకాణం తెరిచారు. మంచి చేయివాటం గలవాడు. పోస్టుమార్టం చేసి అక్కడికక్కడే జబ్బు చెప్పగలడని పేరు తెచ్చుకున్నారు. 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోడి తింటే కరోనా వస్తుందన్న వదంతి పుట్టి ధరలు కుప్పకూలాయి. అతని ఆవర్జాలో రైతుల బాకీలు పెరిగాయి. టోకు వర్తకునికి మాట తప్పకూడదని నూటికి రెండు రూపాయల వడ్డీకి ఎనిమిది లక్షలు తెచ్చి కట్టారు. నెలకు రు. 16,000, ఏడాదికి రు. 1,92,000 వడ్డీ. జబ్బులు చూడడంలో అతడు ఒక్క పొరపాటు చేయలేదు, పద్దు రాయడంలోనే చేశారు. ఫీజు, మందు, రాకపోకల ఖర్చు అన్నీ ఒకే పేజీలో రాసుకోవడంతో ఎక్కడ నష్టం వస్తున్నదో రెండేళ్ళ దాకా అతనికే కనబడలేదు.

మందు నిల్వలో ఇంకొక చిక్కు వుంది. కోల్డ్ స్టోరేజిలో పెట్టిన మిరపకాయ రంగు తగ్గినా మిరపకాయే. మందుకు తేదీ దాటితే విలువ సున్న. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య వుంచాలి. ఒక్క రాత్రి కరెంటు పోతే పెట్టె మొత్తం పారవేయాలి. ప్రభుత్వ ఉత్తర్వు వల్ల కూడా సరుకు చచ్చిపోతుంది. 2006లో పశువులకు డైక్లోఫెనాక్‌ను నిషేధించారు. 2019 జులైలో ఆహారానికి పెంచే జంతువులకు, కోళ్ళకు కొలిస్టిన్ నిషేధించారు. ముందు రోజు నిల్వ చేసినవానికి ఎవరూ పరిహారం ఇవ్వరు. మందులు అమ్మడానికి 1940 నాటి ఔషధ చట్టం కింద లైసెన్సు సంగతి వేరే వుంది. పశువైద్య సేవకు జీఎస్టీ లేకపోయినా, దుకాణంలో అమ్మిన సరుకుల లెక్క వేరు. ఈ ఒక్క కారణం చాలు, రెండు పద్దులు విడిగా వుంచడానికి.

బర్డ్ ఫ్లూ సంగతీ అంతే. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లోనూ, 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాలలోనూ చూశాము. చంపివేసిన కోళ్ళకు ప్రభుత్వం రైతుకు పరిహారం ఇస్తుంది. డాక్టరు బాకీకి అందులో పద్దు లేదు.

ఈ వ్యాసకర్త అభిప్రాయంలో కొత్త డాక్టరు దలాలును చూసి నేర్చుకోవాలి. దలాలు సరుకు పట్టడు. ధర ఎక్కినా దిగినా బస్తాకు తన పైసలు తనకు వస్తాయి. అదే విధంగా కోడికి నెలకు ఇంత అని ఫారాలతో ఒప్పందం కుదుర్చుకోవచ్చు. ముప్పై పైసలు అనుకున్నా లక్ష కోళ్ళకు నెలకు రు. 30,000 వస్తుంది. రైతుకు కూడా జబ్బు వచ్చాక పిలవడం కంటే ముందు పిలవడం లాభం. మందు చీటీ రాసి ఇస్తే రైతు తన ఇష్టమైన దుకాణంలో నగదుకు కొనుక్కుంటాడు. డాక్టరు తన సరుకు అమ్ముకోవడానికే రాశాడన్న అనుమానమూ వుండదు. మొదటి ఏడాది రాబడి తక్కువగా కనిపిస్తుంది. కనిపించనివ్వాలి.

చేతిలో ఎంత నగదు వుంచుకోవాలన్న ప్రశ్నకు జవాబు కోడిలోనే వుంది. ధర పడినప్పుడు రైతులు కోళ్ళను అమ్మివేస్తారు. మళ్ళీ ధర లేచాక దింపిన పిల్ల గుడ్డు పెట్టడానికి 18 నుంచి 20 వారాలు పడుతుంది. అంటే ఫారం ఖాళీ అయిన తర్వాత రైతు చేతిలో మళ్ళీ డబ్బు ఆడడానికి అయిదారు నెలలు. కనుక ఈ ప్రాంతాలలో ప్రాక్టీసు చేసేవారు ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా పెట్టుకోవాలి. అది పెట్టుకున్న తర్వాతనే స్థలాలు, బంగారం మాట. ఒక్కొక్క బ్యాంకులో డిపాజిట్లకు బీమా రు. 5 లక్షల వరకే వుందన్నదీ గుర్తుంచుకోవాలి. దూరపు మదుపుకు పదిహేనేళ్ళ పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ వుంది, ఏడాదికి లక్షన్నర వరకు కట్టవచ్చు. చీటీలు వేసేవారు రిజిస్టరు అయినదాంట్లోనే వేయాలి, మందుల బాకీ తీర్చడానికి మొదటి నెలల్లోనే పాడుకుంటే ఆ తోపుడు నష్టం కూడా వడ్డీయే.

బీమా విషయంలో ఒక మాట. డాక్టరు పట్టా చేతికి రాగానే బంధువులలో ఏజెంటు ఎవరో ఒకరు పొదుపు పాలసీ కాగితాలతో వస్తారు. ముందు కావలసింది అది కాదు. తక్కువ ప్రీమియంతో ఎక్కువ మొత్తానికి టర్మ్ పాలసీ, దానితోపాటు ప్రమాద బీమా కావాలి. రాత్రివేళ మోటారు సైకిలు మీద తిరిగే వృత్తి ఇది. గేదె తన్నితే మణికట్టు విరగవచ్చు, మణికట్టు లేని సర్జనుకు రాబడి లేదు. రేబీస్ టీకా ముందుగానే వేయించుకోవడం కూడా ఈ ఖాతాలో రాయవలసిన ఖర్చే.

ఇక పెట్టుబడి అడగడానికి వచ్చినవారిని మన వర్తకులు డిగ్రీ చూసి ఇవ్వడమో, డాక్టరు కదా అని మొహమాటపడడమో చేస్తున్నారు. పోయిన మూడు నెలల బాకీల జాబితా అడగండి. ఎవరెవరు, ఎన్ని రోజులనుంచి, ఫీజు ఎంత, మందు ఎంత అని. ఆ జాబితా వెంటనే చూపగలిగినవానికి ఇవ్వవచ్చు. ఫ్రిజ్జుకో, మైక్రోస్కోపుకో అడిగితే సందేహం లేకుండా ఇవ్వవచ్చు. అరువు అమ్మకాలు పెంచడానికి అడిగితే మాత్రం, అది ఆ కుర్రవానికి ఉపకారం కాదు.

పైన చెప్పిన గోదావరి డాక్టరు రెండేళ్ళు మళ్ళీ కంపెనీ నౌకరీ చేసి వడ్డీ అప్పు తీర్చుకున్నారు. ఇప్పుడు దుకాణం లేదు, కోడి లెక్కన నెల ఫీజు మీద పని చేస్తున్నారు. 2020 నాటి రైతుల బాకీలో కొంత రొక్కంగా, కొంత కోళ్ళ ఎరువుగా వచ్చింది. ఎరువును లారీకి ఇంత అని కొబ్బరి తోటలవారికి అమ్మారట. రెండు లక్షల చిల్లర ఆవర్జాలో అలాగే వుంది. ఆ పేజీ చింపలేదు.