ప్రజాప్రభుత్వమునకు రాజు వలయునా?

పౌరనీతి పాఠములు చదువునపుడు మాకొక సందేహము తరచుగ కలుగుచుండును. జన్మమువలన ఎవడును అధికుడు కాడనుట ప్రజాప్రభుత్వమునకు మూలసూత్రము. అట్లుండ, పార్లమెంటులకు పుట్టినిల్లని పేరొందిన ఇంగ్లండులో రాజపదవి తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించుచున్నది. నార్వే, స్వీడను, డెన్మార్కు, స్పెయిను దేశములందును ఇట్లే యున్నది. ఈ రెంటికిని పొత్తెట్లు కుదిరినది? రాజును నిలుపుకొనుట తగునా, తగదా? ఈ విషయమును మాకు తోచినంతవరకు విచారింతుము.

నేటి ఇంగ్లండు రాజు పూర్వపు రాజులవంటివాడు కాడని మొదట గ్రహింపవలెను. 1649లో ఆ దేశీయులు మొదటి చార్లెసును శిరచ్ఛేదము గావించి, పదునొకండు సంవత్సరములు రాజు లేకయే యుండిరి. 1660లో రాచరికమును మరల నెలకొల్పిరి గాని, 1689 నాటి హక్కుల శాసనముచే, పార్లమెంటు అనుమతి లేక రాజు పన్నులు విధింపరాదని కట్టుబాటు చేసిరి. పార్లమెంటు అంగీకరించిన చట్టమును రాజు నిరాకరించుట 1708 తరువాత ఎన్నడును జరుగలేదు. మంత్రుల సలహా ననుసరించి సంతకము చేయుటయే నేడు రాజు చేయదగిన పని.

రాజు నుంచవలెననువారి యుక్తి తేలికయైనది కాదు. మంత్రులు పక్షములకు చెందినవారు. రాజు ఏ పక్షమునకును చెందడు. ఎన్నికలలో ఓడినవారు సైతము ఆయనను తమవానిగ తలంపవచ్చును. ఆపత్కాలమున దేశమునకు ఆయనయే రక్షకుడగునని కూడ వారందురు.

ఈ కడపటి మాటను చరిత్రతో పరీక్షింతము. 1940 ఏప్రిలులో జర్మనులు నార్వేపై దండెత్తి, క్విస్లింగు అనువానిని ప్రధానమంత్రిగ నియమింపుమని ఏడవ హాకను రాజును ఒత్తిడి చేసిరి. సింహాసనమునైన వదలుదును గాని ఆ పని చేయనని ఆయన తన మంత్రులతో చెప్పెను. 1981 ఫిబ్రవరి 23న స్పెయినులో కొందరు సైనికులు శాసనసభలో చొరబడి సభ్యులను నిర్బంధింపగా, హువాన్ కార్లోసు రాజు ఆ రాత్రియే టెలివిజనులో మాటలాడి రాజ్యాంగపక్షమున నిలిచెను. ఇవి రాజునకు అనుకూలమగు సాక్ష్యములు. కాని 1922లో ముస్సోలినీ అనుచరులు రోముపైకి నడచినపుడు, ఇటలీ రాజు మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేలు సైనికశాసనపు ఉత్తరువుపై సంతకము చేయ నిరాకరించి, ముస్సోలినీనే ప్రధానిగ పిలిచెను. ఆ దేశము ఇరువదేండ్లకు పైగా నిరంకుశత్వమున మ్రగ్గెను. తుదకు 1946 జూనులో ప్రజలు ఓట్లతో రాచరికమును తొలగించిరి.

కావున రాజు రక్షకుడగుట ఆయన గుణముపై ఆధారపడియున్నది. గుణవంతుడు పుట్టుట ప్రజల చేతిలో లేదు. ఇంగ్లండులోనే 2019లో ప్రధాని బోరిస్ జాన్సను పార్లమెంటును అయిదువారములు నిలిపివేయ సలహా యీయగా, రెండవ ఎలిజబెత్తు రాణి ఆచారానుసారముగ సమ్మతించెను. అది చెల్లదని ఏకగ్రీవముగ తీర్పు చెప్పినవారు సర్వోన్నత న్యాయస్థానపు పదునొకండుగురు న్యాయమూర్తులు. ప్రజల హక్కులకు కావలి చట్టమే గాని కిరీటము కాదని దీనివలన తెలియుచున్నది.

మన దేశము 1950 జనవరి 26 నుండి ఎన్నుకొనబడిన రాష్ట్రపతిని ప్రథమస్థానమున నిలుపుకొనియున్నది. రాష్ట్రపతి ఏదో యొక పక్షమునుండి వచ్చుట కద్దు. అయినను ఆయన పదవికి అయిదేండ్ల గడువు గలదు. పుట్టుకతో పనిలేకయే ఆ స్థానమును నింపవచ్చుననుటకు ఇదియే తార్కాణము.

అట్లయిన రాజులున్న దేశములన్నియు వారిని వెంటనే తొలగింపవలెనా? మేమట్లు చెప్పజాలము. నార్వేనే మరల చూడుడు. 1905లో ఆ దేశమువారు సింహాసన మిత్తుమని డెన్మార్కు రాజకుమారుడగు కార్లును పిలువగా, ప్రజల సమ్మతి ఓట్లమూలమున తెలిసినగాని రానని ఆయన చెప్పెను. నూటికి సుమారు 79 మంది సమ్మతించిన పిదపనే హాకను అను పేరుతో రాజయ్యెను. 1940లో శత్రువునకు లొంగక నిలిచినవాడు ఈయనయే. స్వీడను 1974 నాటి రాజ్యాంగమున, ప్రధాని నియామకమందు రాజునకు గల పాత్రను తీసివేసి, ప్రధాని పేరును ప్రతిపాదించు భారమును సభాధ్యక్షున కప్పగించెను.

ప్రజలు ఓటుతో సమ్మతించి, అధికారమునకు చట్టముచే హద్దు గీచినచోట రాజుండిన నుండవచ్చును. ఆ సమ్మతిని అడుగ వెరచు రాజునకు మాత్రము ప్రజాప్రభుత్వమున స్థానము లేదని మా యభిప్రాయము.