ద్వీపాంతరంలో రామభజనం

శ్రావణమాసంలో ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుండి ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధికి తరలివెళ్లే భక్తులకు ఒక విశేషం తెలుపదలచాను. ఈరన్న లక్ష్మీనృసింహుడు. వరాహనృసింహుడైన సింహాద్రి అప్పన్న సముద్రం దాటి మారిషస్ ద్వీపంలోనూ తెలుగువారి పూజలందుకుంటున్నాడు.

1834 తరువాతి కాలంలో చెరకుతోటల కూలికై ఓడలెక్కిన ఆంధ్రుల సంతతి వారు. కోరంగి రేవు పేరిట వారిని అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. ఇళ్లలో క్రియోల్ భాష స్థిరపడి తెలుగు మాట సన్నగిల్లినా, రామభజనం నిలిచింది. నడుమ దీపం నెలకొల్పి, తాళాలు మ్రోగిస్తూ, పాడుతూ, దాని చుట్టూ అడుగులు వేయడం పద్ధతి. పెద్దల వెంట నడిచే బాలునికి ముందు అడుగు పట్టుబడుతుంది, పిదప తాళం, ఆపై పదం. అర్థం తెలియని పాట దేనికని కొందరు ఆక్షేపిస్తారు. వేదాధ్యయనంలోనూ మొదట సంతయే కదా, అర్థవిచారం తరువాతనే! ఆ అర్థం కోసం అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు ఐచ్ఛిక పాఠ్యాంశంగా ఉన్నది. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం.

మన చెక్కభజనదీ ఇదే మార్గం. కాని అనేక గ్రామాల్లో పెద్దలు ఆడుతుంటే పిల్లలు చూస్తూ నిలుచుంటున్నారు. వేషాల పోటీ ఏడాదికొకనాటి ముచ్చట. దానితో పాట అబ్బదు. దాతలు భజనమందిరాలకు మైకులు సమర్పిస్తున్నారు, సంతోషమే. చిన్న చేతులకు సరిపడే చెక్కలు, వారానికొక సాయంత్రం నేర్పే గురువుకు సంభావన కూడా సమర్పించవచ్చు. శనివారం దీపారాధన వేళ అందుకు అనుకూలం.